ఇరుసు మీద రెండేళ్ళ బాకీ

మా వ్యాయామశాల మొదటి ఏడాదిలో పోగొట్టుకున్నవి ఇవి: మిద్దె పైకప్పు నుంచి రాలిన మట్టి నాలుగు గంపలు, బల్బులు ఆరు, ఆంజనేయస్వామి పటానికి అద్దం ఒకటి, రామాంజి ముందు పన్ను ఒకటి, కందిరీగల గూడు ఒకటి, పిచ్చుక గుడ్లు మూడు, ఉగాది పోటీ ఒకటి. మొత్తం పదిహేడు. గూడు కందిరీగలది, గుడ్లు పిచ్చుకవి. మన సొత్తు కాని ఆ నాలుగూ తీసేస్తే పదమూడు. పన్నును నేను నష్టంలో వేశాను గానీ, ఆ సందులోంచి ఈల బాగా పలుకుతోందని రామాంజి దాన్ని లాభంలో వేసుకున్నాడు.

ఈ పదమూడింటికీ కారణం ఒకటే. మా దూలం ఎత్తు.

పధ్నాలుగేళ్ళు ధర్మవరంలో కుర్రవాళ్ళ చేత బరువులు ఎత్తించి, మొన్న ఉగాదికి ఆ పని దించి పక్కన పెట్టాను. ఇప్పుడు ఊరూరా వ్యాయామశాలలు పెడతామని పిల్లలు వచ్చి సలహా అడుగుతున్నారు. ఏం తినాలి, ఎన్ని గుడ్లు తాగాలి, కండ ఎప్పుడు వస్తుంది అని అడుగుతారు. గది ఎత్తు ఎంతో కొలుచుకున్నారా అని నేను అడుగుతాను. వాళ్ళు నవ్వుతారు. నవ్విన వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

కాటా దగ్గర నేర్చుకున్నది

నాకు గురువు లేడు. తిమ్మప్ప సావుకారు వేరుశనగ మండీలో కాటా వేసేవాణ్ణి. రోజంతా బస్తాల బరువు చూడటం, చెప్పడం, అంతే పని. ఒకే పని ఎక్కువ కాలం చేస్తే కళ్ళు దాని పక్కనున్న వాటి మీద పడతాయి. నా కళ్ళు హమాలీల మీద పడ్డాయి.

ఒకడు బస్తాను నేల మీంచి భుజానికి పువ్వులా ఎక్కించేవాడు, అక్కణ్ణుంచి అటకమీదికి నెట్టమంటే గుడ్లు తేలేసేవాడు. ఇంకొకడికి భుజం దగ్గర కదలదు. ఎవరైనా నుదుటి దాకా చెయ్యిస్తే ఆపైన తానే దూదిమూటలా తోసేసేవాడు. కాటా మీద రెండు బస్తాలూ ఒకటే. మరి ఒకే బరువు ఒకచోట తేలికై, జానెడు పైకి పోగానే బరువెందుకు అవుతుంది? బరువుకు కాటా ఉంది గానీ దారికి లేదు. ఎత్తే దారిలో ఏ ముక్క ఎవరికి గట్టిగా ఉందో, ఏ ముక్క మెత్తగా ఉందో చూసుకోవాలని అక్కడే నాకు తట్టింది. ఆ ఆలోచనతోనే కాటా వదిలేశాను.

మండీ వెనక పాత విత్తనాల గది ఖాళీగా ఉండేది. మట్టిమిద్దె. సావుకారును అడిగితే ఇచ్చాడు. అద్దె లేదు, సంతరోజున మా పిల్లలు ఆయన బండ్లలోంచి బస్తాలు దించాలి.

తిమ్మప్ప సావుకారు గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు చెముడని ఊరంతా అంటుంది. నా లెక్క వేరు. పెరట్లో ఎవడైనా ఒక్క కాయ వలిచి నోట్లో వేసుకుంటే, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి "ఎవురప్పా అది శెనక్కాయలు తింటాండేది?" అనేవాడు. అదే, ఏడాదిలో వాన పడిన ఆ ఒక్కరోజు పరిగెత్తుకెళ్ళి "మిద్దె కారుతాండాది సావుకారీ" అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ, అందరూ బాగుండారు" అనేవాడు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్ళందరం ఏ మాట ఆయనకు వినబడుతుందో, ఏది వినబడదో ముందే తెలుసుకుని మాట్లాడేవాళ్ళం.

టక్

ఎద్దులబండి ఇనుప ఇరుసు ఒకటి సంపాదించాను. కరెంటు మిషను వచ్చాక ఇళ్ళల్లో తిరగళ్ళకు పనిలేకుండా పోయింది. ఆ పైరాళ్ళు రెండు తెచ్చి ఇరుసుకు రెండు కొసలా తొడిగి చీలలు కొట్టాను. కాటా మీద పెడితే డెబ్బై కిలోలు. దాన్ని భుజాల మీదికి తీసుకుని, మోచేతులు నిటారుగా అయ్యేదాకా తలపైకి నెట్టాలి. ఉగాది రోజు మండీ ముందు మైదానంలో పోటీ కూడా ఇదే.

నాకు ఇద్దరు మంచి శిష్యులు దొరికారు. రామాంజి హమాలీ, గట్టి పిండం. ఓబుళేసు పట్టుచీరలు నేసేవాడు, సన్నగా ఉంటాడు, మాట తక్కువ. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. అదే కొంప ముంచింది.

గదిలో దూలాలు నేల నుంచి ఆరడుగుల తొమ్మిదంగుళాలు. ఓబుళేసు చేతులు పూర్తిగా చాపితే ఇరుసు ఆరడుగుల ఏడంగుళాలకు పోవాలి. రెండంగుళాలు మిగులే కదా అనుకున్నాను. ఇరుసును కొలిచాను గానీ రాళ్ళను మరిచాను. తిరగలి రాయి అడ్డకొలత పదహారంగుళాలు. అంటే ఇరుసు కంటే ఎనిమిదంగుళాలు పైకి రాయే ఉంటుంది. ఇరుసు ఆరడుగుల ఒకటి దగ్గరికి రాగానే రాయి దూలానికి తగిలి "టక్" అంటుంది. ఇంకా ఆరంగుళాలు పోవాల్సి ఉండగానే.

నేను చేసిందేమిటంటే, ఆ టక్‌నే గుర్తుగా పెట్టుకున్నాను. టక్ అంటే ఒకటి. మళ్ళీ టక్ అంటే రెండు. పిల్లలకు కూడా సులువు, గెలిచినట్టు ఉండేది. కొట్టినప్పుడల్లా పైనుంచి మట్టి రాలేది, బల్బు పోయేది. ఒకసారి రామాంజి ఉషారుగా నెడితే రాయి దూలానికి కొట్టుకుని, ఇరుసు ఎగిరి మొహం మీదికి వచ్చింది. పన్ను కథ అది.

బయట ఎందుకు ఎత్తలేదని అడుగుతారు. పెరడంతా కాయలు ఆరబోసి ఉంటాయి, వాటి మీద కాలు పెడితే సావుకారుకు వినబడుతుంది. కాయలు లేని కాలంలో ఎండ. మా ఎండకు ఇనుప ఇరుసు పట్టుకుంటే అరచేతులు దోసెలైపోతాయి.

మొదటి ఉగాది వచ్చింది. ఊరంతా చేరింది. ఓబుళేసు ఇరుసును భుజాలకెత్తుకున్నాడు, ఒక్క ఊపులో నుదురు దాటించాడు, తల దాటించాడు, అక్కడ ఆగిపోయాడు. వణుకు లేదు, ఆయాసం లేదు. మోచేతులు వంగి ఉన్నాయి. తల ఎత్తి పైకి చూస్తున్నాడు.

"ఎత్తప్పా, ఎత్తు!" అని జనం.

ఓబుళేసు నావైపు తిరిగి మెల్లగా అడిగాడు. "అన్నా, దూలం యాడ?"

ఆ తర్వాత వచ్చిన రామాంజి కూడా సరిగ్గా అదే ఎత్తులో ఆగి, టక్ కోసం కాసేపు చూసి, దించేశాడు. జనంలోంచి ఎవరో అన్నారు, "వీళ్ళకి ఆకాశం అడ్డం వచ్చినట్టుండాదే!"

సావుకారు నవ్వు ఆపుకోవడానికి కండువా నోట్లో కుక్కుకున్నాడు. తర్వాత పదిమంది ముందూ నన్ను పిలిచాడు.

"ఏమప్పా, లెక్కల మనిషివి. నీ చేతిలో గ్రాము తప్పేది కాదు. ఆ కాటా ఇడిసిపెట్టి వచ్చి నువ్వు చేసినది ఇదేనా?"

"ఒక్క ఏడాది ఇయ్యి సావుకారీ."

"ఇస్తా. వచ్చే ఉగాదికి ఇదే ఇరుసు, ఇదే ఓబుళేసు. మోచేతులు నిలబడితే గది నీది. నిలబడకపోతే నా బస్తాలకు గది కావల్ల, నా కాటాకు నువ్వు కావల్ల. మళ్ళా వచ్చి కూర్చోవల్ల."

నా తర్వాత కాటా దగ్గర కూర్చున్నవాళ్ళెవరూ ఆయనకు నచ్చలేదు. గది కంటే నేనే ఆయనకు ఎక్కువ కావాలని అప్పుడు తెలిసింది. గొప్పగానే అనిపించింది, భయంగానూ అనిపించింది. కాటా ముందు కూర్చుని ముసలివాణ్ణి కావాలని నాకు లేదు.

నేలను దించడం

మర్నాడు ఓబుళేసును పెరటి గోడ పక్క నిలబెట్టి, ఆగిన చోటికీ ఆగవలసిన చోటికీ మధ్య వేళ్ళు పెట్టి కొలిచాను. నాకు కొలబద్ద వేళ్ళే.

"ఎనిమిదేళ్ళు తక్కువ" అన్నాను.

రామాంజి గుండె పట్టుకున్నాడు. "ఎనిమిదేండ్లా? అప్పటికి నాకు మిగిలిన పండ్లు గూడా ఊడిపోతాయి గదన్నా!"

"ఏండ్లు కాదురా, ఏళ్ళు. చేతి ఏళ్ళు."

"అట్ల చెప్పన్నా, పానం పోయింది."

కప్పు లేపాలంటే సావుకారుకు వినబడదు. ఏం చేయాలో తోచక నేను దూలం వైపు చూస్తుంటే ఓబుళేసు నేలవైపు చూస్తున్నాడు. గుంట మగ్గం దగ్గర నేసేవాడు నేల మట్టం మీద కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టుకుంటాడు. వాడికి గుంట ఇంట్లో వస్తువే.

"కప్పు ఎత్తలేకపోతే నేలను దించుదామన్నా. మోకాటి లోతు చాలు. నిలబడి నేసినట్టే" అన్నాడు.

రెండు వానాకాలాలు ఎగ్గొట్టిన ఏడాది అది. బోర్లు పొడి దుమ్ము కక్కుతున్నాయి. అలాంటి ఏడాదిలో మా సీమలో పగటిపూట నలుగురు గడ్డపార పట్టుకుంటే ఏమనుకుంటారో నేను లెక్కేయలేదు. అడుగు లోతు తవ్వామో లేదో, పక్కింటి సుంకమ్మ బిందె చంకన పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నీళ్ళు పడినాయంట, నిజమేనా?"

"నీళ్ళు కాదక్కా, ఓబుళేసు నిలబడేకి."

"దాచిపెట్టొద్దప్పా. పాపం తగుల్తాది."

ఆమె వెనక ఇంకో బిందె. దాని వెనక ఆరు. వేపకొమ్మ పట్టుకుని నీళ్ళు చూసే ఆయన ఒకడు, పిలవకుండానే వచ్చి గుంట చుట్టూ తిరిగి, కొమ్మ వంగిందని, ముప్పై అడుగుల్లో పెద్ద ఊట ఉందని చెప్పాడు. ఆ మాట గల్లాపెట్టె దాకా చక్కగా వినబడింది. సావుకారు పంచె ఎగ్గట్టి వచ్చాడు.

"నా గదిలో బావి తవ్వుతాండారంటనే?"

"గుంటే సావుకారీ. వాడు నిలబడేకి."

సావుకారు గుంటను చూశాడు, అందులో దిగి నిలబడిన ఓబుళేసును చూశాడు. "ఉగాది ఇంగా శానా దినాలు ఉండాది గదప్పా. అప్పుడే పూడుస్తాండావేమి వాన్ని?"

సుంకమ్మ ఖాళీ బిందె మళ్ళీ చంకన పెట్టుకుంది. "నీళ్ళు లేని గుంటకు ఇంతమంది మొగోళ్ళా!" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా వ్యాయామశాలను ఆ వీధిలో ఎవరూ వ్యాయామశాల అనలేదు. "ఎండిన బావి" అన్నారు.

ముక్కలుగా ఎత్తడం

ఇప్పుడు అసలు పని చెబుతాను. కొత్తగా నేర్పబోయేవాళ్ళు ఈ భాగం నిదానంగా చదవాలి.

గుంటలో నిలబడ్డాక దూలం అడ్డం పోయింది. అయినా ఓబుళేసు చేతులు పాత చోటే ఆగాయి. అప్పుడు నాకు అర్థమైంది. ఏడాదంతా భుజం నుంచి తల పైదాకానే నెట్టినవాడికి ఆ ముక్కలోనే బలం వస్తుంది. ఆపైన వాడి చేతులు పసిపిల్లవాడి చేతులు. సగం దారి వ్యాయామం పనికిరాదని కాదు. ఏ సగం చేస్తే ఆ సగానికే కూలి.

అలాగైతే ఆ మెత్తటి ముక్కనే విడిగా చేద్దాం అనుకున్నాను. దూలానికి రెండు మోకులు కట్టి, ఇరుసును ఓబుళేసు తల మీదికి వచ్చేట్టు వేలాడదీశాను. వాడు గుంటలో దాని కింద నిలబడి, అక్కణ్ణుంచి మోచేతులు నిటారయ్యేదాకా నెడతాడు. దించితే మోకులే బరువు మోస్తాయి. భుజాల నుంచి ఎత్తే పనిలేదు కాబట్టి ఈ చిన్న ముక్కలో ఎక్కువ బరువు పెట్టొచ్చు. చిన్న రాళ్ళు తొడిగితే మొదట యాభై కిలోలకే వణికినవాడు, రాళ్ళకు రాళ్ళు కలుపుతూ పోతే తొంభై దాకా వచ్చాడు. తొంభై తల మీద నిలిపినవాడికి డెబ్బై చూస్తే భయం ఉండదు. మణికట్లకు, మోచేతులకు, ముఖ్యంగా మనసుకు, బరువు అలవాటవుతుంది. సగం నెట్టులో ఉన్న అసలు లాభం అదే.

అయితే దానిలో ఒక తీపి ఉంది. ఎక్కువ బరువు ఎత్తామన్న గర్వం. రామాంజి తన వంతు రాగానే మోకులను ఇంకా పైకి కట్టమనేవాడు. దారి ఎంత పొట్టిదైతే బరువు అంత పెద్దది. చివరికి రెండంగుళాలు నెట్టి నూటపది కిలోలు ఎత్తానని మండీ అంతా చెప్పుకున్నాడు.

"అదే లెక్కన అసలు నెట్టకపోతే దూలాన్నే మోసినట్టు రా" అన్నాను.

"మోస్తాండాను గదన్నా, మోకుల సాయంతో!"

నా పద్ధతి చివరికి ఇలా నిలబడింది. వారంలో రెండుసార్లే ముక్కలు. ఆ రోజు కూడా చివర తక్కువ బరువుతో భుజం నుంచి పైదాకా పూర్తిగా నెట్టి ముగించాలి, లేకపోతే ముక్కలు కలవవు. మోకు కొలత వారం వారం రెండు వేళ్ళు కిందికి దించుతూ రావాలి, పైకి కాదు. సగం చేసినప్పుడు నోటితో "సగం" అని చెప్పి చేయాలి. ఇది నవ్వులాటలా ఉంటుంది గానీ, సగాన్ని ఒకటి అని పిలిచినందుకే మేము ఆకాశం కింద దూలం వెతుక్కున్నాం.

ఇంకో పొరపాటు కూడా సమయానికి దొరికింది. మోకాటి లోతు గుంటలో నిలబడినవాడికి నేల మీది ఇరుసు తొడల దగ్గరే అందుతుంది, వంగే పనే లేదు. పైసగం పూడ్చబోయి కిందిసగం తవ్వుకున్నాం. అది తెలిశాక నేల నుంచి భుజానికి ఎత్తేది గుంట బయట, భుజం నుంచి పైకి నెట్టేది గుంట లోపల అని నియమం పెట్టాను.

కొలత ఎవరిది

రెండో ఉగాదికి జనం రెట్టింపు. సగంమంది ఓబుళేసును చూడటానికి, సగంమంది ఎండిన బావి మాస్టరు మళ్ళీ కాటా ఎక్కేది చూడటానికి. తప్పెట్లు వాయిస్తున్నారు. సావుకారు కుర్చీ వేయించుకుని ముందు వరసలో కూర్చుని, నన్ను పిలిచాడు.

"మోచేతులు నిలబడినాయో లేదో చూసేకి ఎవురు కావల్ల? ఈ ఊర్లో కొలత నీదే. నువ్వే చూసి చెప్పు."

అది నమ్మకమో ఉచ్చో నాకు తెలియలేదు. ఇరుసు పక్కనున్న ఎత్తు బండమీదికి ఎక్కి నిలబడ్డాను.

ఓబుళేసు ఇరుసును భుజాలకు తెచ్చుకున్నాడు. నుదురు దాటింది. తల దాటింది. పాత దూలం చోటుకు వచ్చింది. ఆగలేదు. ఆ చోటును దాటి, మోకుల కింద ఏడాదంతా నెట్టిన చోటులోకి పోయింది, పైకి, పైకి, నిలిచింది. తప్పెట్లు మోగాయి. "నిలబడింది! నిలబడింది!" అని జనం ఎగిరారు. రామాంజి ఈల వేశాడు.

నేను చూస్తున్నది ఎడమ మోచెయ్యి. కుడిది దారం పట్టినట్టు ఉంది. ఎడమది ఇంకా కాస్త వంగే ఉంది. మగ్గం మీద పోగును బిగించే పలకను ఎడమచేత్తో ముందుకూ వెనక్కూ ఆడించే మనిషి. ఆ మోచెయ్యి బతుకంతా వంగే పనిచేసింది. కుడికొస కంటే ఎడమకొస ఎంత కిందికి ఉందో వేళ్ళు పెట్టి చూశాను. మళ్ళీ చూశాను.

"చెప్పన్నా బిరీన" అన్నాడు ఓబుళేసు పళ్ళు కరుచుకుని. "రాళ్ళు నీ మింద పడతాయి."

నిలబడింది అంటే చాలు. జనం చెప్పేశారు కూడా. గది నాది. కానీ ఏడాదంతా వీళ్ళ చేత "సగం" అని నోటితో చెప్పించినవాణ్ణి నేను.

"రెండేళ్ళు తక్కువ సావుకారీ" అన్నాను.

ఇరుసు దబ్బున కింద పడింది. తప్పెట్లు ఆగాయి. ఓబుళేసు నా ముఖం చూశాడు, కోపంతో కాదు, దూలం యాడ అని అడిగిన రోజు చూసినట్టు. రామాంజి ఈల మధ్యలో తెగిపోయింది.

సావుకారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏమంటివి?"

"రెండేళ్ళు."

"రెండేండ్లు కావల్లనా?" ఆయన జనం వైపు తిరిగాడు. "ఇన్నారు గదా, రెండేండ్లు గడువు అడుగుతాండాడు. సరే, ఇచ్చినా పో."

"ఏండ్లు కాదు సావుకారీ, ఏళ్ళు, చేతి ఏళ్ళు..."

"ఆఁ" అన్నాడు సావుకారు లేస్తూ, "అందరూ బాగుండారు."

నేను ఇంకా వివరించబోతుంటే రామాంజి నా నోరు మూసి, బండమీంచి ఎత్తి దించాడు. సగం కాదు, పూర్తి ఎత్తు.

ఆయనకు నిజంగా వినబడలేదా అని ఇన్నేళ్ళుగా నన్ను అడుగుతున్నారు. ఆరోజు నా వెనక ఎవరో శెనక్కాయ వలిచారు. సావుకారు నడుస్తూనే అటు తల తిప్పాడు. నాకు తెలిసింది అంతే.

రెండేళ్ళు గడిచాక ఉగాదికి ఆయన దగ్గరికి వెళ్ళాను. "బాకీ ఎంతప్పా?" అన్నాడు. "రెండేళ్ళు సావుకారీ" అన్నాను. "అట్లయితే ఉండండి రెండేండ్లు" అన్నాడు. ఆ తర్వాత ప్రతి గడువుకూ అదే ప్రశ్న, అదే జవాబు. ఓబుళేసును మళ్ళీ ఎత్తి చూపించమని ఆయన అడగలేదు, చూపిస్తామని మేమూ అనలేదు. మళ్ళీ కొలిస్తే గది ఆయనకైనా పోవాలి, నాకైనా పోవాలి అని ఇద్దరికీ తెలుసు.

మొన్న ఉగాదికి గదినీ మోకులనూ గుంటనూ రామాంజికి అప్పగించి, వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. సావుకారు మంచం మీద ఉన్నాడు. ఇప్పుడు నిజంగానే చెవులు వినబడవని ఇంట్లో వాళ్ళు చెప్పారు. రామాంజి వంగి, పన్ను సందులోంచి ఈల కలిసేలా, వీధి దాకా వినబడేలా అరిచాడు.

"రెండేళ్ళు సావుకారీ!"

ముసలాయన పెదాలు కదిలాయి. చెయ్యి పైకెత్తి రెండు వేళ్ళు చూపించాడు.

ఆయన మాకు ఇచ్చినవి ఏడు గడువులు, రెండేసి ఏండ్లు, మొత్తం పధ్నాలుగు. మేము ఆయనకు ఇవ్వవలసినవి రెండు వేళ్ళు. ఎడమవైపు.